పెట్టెలో గాలికీ కిరాయి కట్టాల్సిందే

సుక్మా చింతపండు పట్నం చేరడానికి ప్లాస్టిక్ తీసేసి కాగితం పెడితే సరిపోదు. వస్తువు కొలతకు తగ్గట్టు ఒదిగే కాగితం కావాలి. ఆ ఒదుగుదల వెనక ఉన్న సైన్సు ఇది.

శీతాకాలం వెళ్లి ఎండలు ముదిరేలోగా బస్తర్‌లో చింతపండు రాలే కాలం. ఛత్తీస్‌గఢ్ దక్షిణపు కొసన, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశా సరిహద్దుల్ని ఆనుకుని ఉన్న సుక్మా జిల్లాలో ఆ రోజుల్లో వారపు సంతకు వెళితే చింతపండు తట్టలు, గోనెలు వరసగా కనిపిస్తాయి. 2012లో దంతెవాడ నుంచి విడిపోయి ఏర్పడిన జిల్లా ఇది. దాని దక్షిణ అంచున, శబరి నది ఒడ్డున ఉన్న కొంటాలో గోండి, దోర్లీ మాటలతో పాటు తెలుగూ వినిపిస్తుంది. అక్కడి నుంచి 30వ నంబరు జాతీయ రహదారి చింతూరు మీదుగా భద్రాచలం వస్తుంది. మన పులిహోరలో, పప్పుచారులో పడే చింతపండు ఈ దారినే వచ్చి ఉన్నా ఆశ్చర్యం లేదు.

గోనెలో వెళ్లే చింతపండుకు ప్యాకింగ్ చింత ఉండదు. లారీకి ఎత్తితే చాలు. కానీ గోనెలో అమ్మినంత కాలం ఏరినవారి చేతికి వచ్చేది ముడిసరుకు ధరే. పెంకు, ఈనె, గింజ తీసి, అచ్చులో నొక్కి, అరకిలో ప్యాకెట్టుగా చేసి అమ్మితే విలువ పెరుగుతుంది. అడవి ఉత్పత్తులకు ఇలా విలువ జోడించి, ఆ లాభం సేకరించిన కుటుంబాలకే చేరాలన్న ఉద్దేశంతో మొదలైనదే వన్ ధన్ పథకం. దాని మొదటి కేంద్రం 2018 ఏప్రిల్ 14న సుక్మాకు పొరుగునున్న బీజాపుర్‌లోనే ప్రారంభమైంది.

ప్యాకెట్టు దాకా వచ్చాక కొత్త చిక్కు ఎదురవుతుంది. హైదరాబాద్‌లోని ఒకరికి అరకిలో చింతపండు కావాలి. విశాఖపట్నంలోని ఇంకొకరికి చింతపండుతో పాటు తేనె సీసా, సారపప్పు కావాలి. మూడో వారు కొండగావ్ వైపు నుంచి వచ్చే డోక్రా లోహపు బొమ్మ కూడా అడుగుతారు. ఏ రెండు ఆర్డర్లూ ఒక కొలతలో ఉండవు. ఊళ్లో దొరికే అట్టపెట్టెలు మాత్రం ఒకటో రెండో సైజులు. చిన్న వస్తువును పెద్ద పెట్టెలో పెట్టి, మిగిలిన చోటులో పాత కాగితాలో బబుల్ షీటో కుక్కి పంపడం మామూలుగా జరిగే పని. ఆ ఖాళీ చోటుకు ఎంత మూల్యం చెల్లిస్తున్నామో లెక్క వేసి చూద్దాం.

గాలికి బరువు ఉందా?

కొరియర్ సంస్థలు సరుకును రెండు రకాలుగా తూస్తాయి. ఒకటి కాటా మీది అసలు బరువు. రెండోది పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5000తో భాగిస్తే వచ్చే అంకె. దీన్ని వాల్యుమెట్రిక్ బరువు అంటారు. ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. వాహనంలో చోటుకు కూడా ఖరీదు ఉంటుంది కాబట్టి ఇది న్యాయమైన పద్ధతే.

ఒక ఆర్డరులో కిలోన్నర సరుకు ఉందనుకుందాం. అది 6 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. దాన్ని ప్రతి పక్కా 30 సెంటీమీటర్లున్న పెట్టెలో పెడితే ఘనపరిమాణం 27 లీటర్లు. వాల్యుమెట్రిక్ బరువు 5.4 కిలోలు. అదే సరుకును 20 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే ఘనపరిమాణం 8 లీటర్లు, వాల్యుమెట్రిక్ బరువు 1.6 కిలోలు. కాటా మీద రెండు పెట్టెలకూ పెద్ద తేడా ఉండదు. బిల్లులో మాత్రం మొదటిదానికి మూడు రెట్లకు పైగా బరువు పడుతుంది. పెద్ద పెట్టెలో 78 శాతం గాలే. ఆ గాలికీ కిరాయి కట్టాల్సిందే.

అట్ట లెక్క కూడా చూడాలి. పైనా కిందా నాలుగేసి రెక్కలు మూసుకునే మామూలు పెట్టెకు, అన్ని పక్కలూ సమానమైతే, ఒక పక్క వైశాల్యానికి 8 రెట్ల అట్ట పడుతుంది. 20 సెంటీమీటర్ల పెట్టెకు 0.32 చదరపు మీటర్లు, 30 సెంటీమీటర్ల పెట్టెకు 0.72 చదరపు మీటర్లు. అంటే 2.25 రెట్లు. పెట్టె కొలత ఒకటిన్నర రెట్లే పెరిగింది. కాగితం రెండు రెట్లు దాటింది, చోటు మూడు రెట్లు దాటింది.

సుక్మాలోని చిన్న సంఘానికి ఈ తేడాయే లాభానికీ నష్టానికీ మధ్య గీత. దశాబ్దాల హింస వల్ల రోడ్లు ఆలస్యంగా వచ్చిన ప్రాంతం అది. రవాణా ఖర్చు ఎప్పుడూ కొంత ఎక్కువే. అరకిలో చింతపండు మీద మిగిలే నాలుగు రూపాయలు పెట్టెలోని గాలి తినేస్తే, గోనెలో అమ్మడమే మేలనిపిస్తుంది.

ఇది సుక్మా ఒక్కదాని సమస్య కాదు. 2025 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన ఐరోపా సమాఖ్య ప్యాకేజింగ్ చట్టం, ఆన్‌లైన్ అమ్మకాల పెట్టెల్లోనూ రవాణా పెట్టెల్లోనూ ఖాళీ చోటు 50 శాతం దాటకూడదని చెబుతోంది. 2030 నుంచి ఈ నియమాన్ని వర్తింపజేయాలన్నది లక్ష్యం. అందులో ఒక మెలిక ఉంది. పెట్టెలో కుక్కిన కాగితపు ముక్కలు, గాలి సంచులు, బబుల్ షీట్లు ఆక్రమించిన చోటును కూడా ఖాళీ కిందే లెక్కిస్తారు. పెద్ద పెట్టె తీసుకుని కాగితంతో నింపి, ప్లాస్టిక్ వాడలేదు కదా అంటే కుదరదు.

ముడతలో ఉన్న బలం

పెట్టె చిన్నదైతే సరుకు నలిగిపోదా అన్న అనుమానం రావచ్చు. అట్టపెట్టె బలం ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే అది తీరుతుంది. ఇంట్లోనే ఒక చిన్న ప్రయోగం చేయండి. రెండు పుస్తకాలను ఒక జానెడు దూరంలో పెట్టి, వాటి మీద వంతెనలా ఒక తెల్ల కాగితం పరచండి. దాని మీద రూపాయి బిళ్ల పెడితే కాగితం కుంగిపోతుంది. అదే కాగితాన్ని విసనకర్రలా సన్నని మడతలు పెట్టి మళ్లీ పరచండి. ఇప్పుడు చాలా బిళ్లలు మోస్తుంది. కాగితం అంతే ఉంది, ఆకారమే మారింది.

ముడతల అట్టలో జరిగేది ఇదే. రెండు చదును పొరల మధ్య అలలా ముడుచుకున్న పొరను గంజి జిగురుతో అతికిస్తారు. పెట్టెల వ్యాపారంలో దీన్నే 3 ప్లై అంటారు. అట్ట వంగాలంటే ఒక వైపు పొర సాగాలి, రెండో వైపు పొర నలగాలి. ఆ రెండు పొరలూ ఎంత ఎడంగా ఉంటే వంపును అంత గట్టిగా ఎదిరిస్తాయి. పొరల మధ్య దూరం రెట్టింపైతే బిగువు దాదాపు నాలుగు రెట్లవుతుంది. భవనాల్లో వాడే ఇనుప దూలాన్ని ఇంగ్లిషు 'ఐ' అక్షరం ఆకారంలో చేయడానికీ కారణం ఇదే. మధ్యలో ఉన్న అల చేసే పని ఆ రెండు పొరల్నీ విడిగా నిలబెట్టడం.

ఈ ముడతల కాగితం మొదట పెట్టెల కోసం పుట్టలేదు. 1856లో ఇంగ్లండ్‌లో పొడవాటి టోపీల లోపల అస్తరుగా వాడటానికి దానికి పేటెంటు తీసుకున్నారు. 1871లో న్యూయార్క్‌కు చెందిన ఆల్బర్ట్ జోన్స్ సీసాలు, గాజు వస్తువులు చుట్టడానికి ఉపయోగించారు. పెట్టెగా మడవడానికి అవసరమైన ఆలోచన 1879లో బ్రూక్లిన్‌లో రాబర్ట్ గేర్ కాగితపు సంచుల ఫ్యాక్టరీలో జరిగిన ఒక పొరపాటు నుంచి వచ్చింది. విత్తనాల సంచుల మీద మడత గీత నొక్కాల్సిన లోహపు పట్టీ ఒకటి కాస్త ఎత్తుగా ఉండి సంచులను కోసేసింది. కోతనూ మడతనూ ఒకే దెబ్బలో వేయవచ్చని గేర్‌కు అప్పుడు తట్టింది. మనం చదునుగా కొని, మడిచి నిలబెట్టే పెట్టెలన్నీ ఆ గీతకు వారసులే.

పెట్టె ఎంత బరువును మోయగలదో ముందే అంచనా వేసే సూత్రాన్ని 1963లో అమెరికాలోని యాపిల్టన్‌లో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పేపర్ కెమిస్ట్రీలో మెకీ బృందం ఇచ్చింది. ఆ సూత్రం ప్రకారం పెట్టె బలం అట్ట అంచు బలానికి నేరుగా అనుపాతంలో ఉంటుంది. పెట్టె చుట్టుకొలత, అట్ట మందాలకు మాత్రం వాటి వర్గమూలంతోనే పెరుగుతుంది. ఇందాకటి రెండు పెట్టెలకు దీన్ని వర్తింపజేద్దాం. చుట్టుకొలత 80 సెంటీమీటర్ల నుంచి 120కి పెరిగితే బలం పెరిగేది 22 శాతమే. పెట్టె పెద్దదైతే సరుకు భద్రం అన్న నమ్మకం ఇక్కడ వీగిపోతుంది. 2.25 రెట్ల అట్ట పోసి కొనుక్కున్న అదనపు బలం అంతే. పైగా లోపలి సరుకు అటూ ఇటూ దొర్లితే ఆ బలం కూడా అక్కరకు రాదు.

ఒకే పెట్టె, మూడు ఎత్తులు

అయితే ప్రతి ఆర్డరుకూ సరిపోయే పెట్టె ఎక్కడ దొరుకుతుంది? పెద్ద గిడ్డంగుల్లో దీనికి యంత్రాలు వచ్చాయి. జడలా అటూ ఇటూ మడతపెట్టిన అంతులేని ముడతల అట్ట దొంతర ఒక వైపు ఉంటుంది. వస్తువును సెన్సర్లు మూడు దిక్కుల్లో కొలుస్తాయి. యంత్రం ఆ కొలతకు అట్టను కోసి, గీత నొక్కి, పెట్టె తయారుచేసి ఇస్తుంది. రోజుకు వేల పార్సిళ్లు పంపేవారికి ఇది గిట్టుబాటు అవుతుంది. రోజుకు పది పంపే సంఘానికి కాదు.

చిన్నవారికి పనికొచ్చే ఉపాయం గేర్ గీతలోనే ఉంది. 25 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 20 ఎత్తు ఉన్న పెట్టె తీసుకోండి. దాని నాలుగు గోడల మీదా కింది నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో ఒకటి, 10 సెంటీమీటర్ల ఎత్తులో ఇంకొకటి అదనపు మడత గీతలు నొక్కించండి. సరుకు పెట్టె నిండా వస్తే మామూలుగా మూసేయవచ్చు. సరుకు 15 సెంటీమీటర్ల వరకే ఉంటే నాలుగు మూలలనూ కత్తితో ఆ గీత దాకా కోసి, గోడలను లోపలికి మడిస్తే చాలు. పెట్టె ఘనపరిమాణం 10 లీటర్ల నుంచి 7.5 లీటర్లకు, అవసరమైతే 5 లీటర్లకు దిగుతుంది. వాల్యుమెట్రిక్ బరువు 2 కిలోల నుంచి 1.5కు, 1 కిలోకు తగ్గుతుంది. మూడు సైజులు కొని నిల్వ చేయాల్సిన అవసరం లేదు. ఒకటే రకం ఎక్కువ సంఖ్యలో కొంటారు కాబట్టి ధర కూడా కలిసొస్తుంది.

ఇందులో అట్ట ఆదా కాదు, అదే అట్ట ఉంటుంది. పొడవైన రెక్కలు ఒకదాని మీద ఒకటి పడి పైకప్పు రెండు పొరలవుతుంది, అదొక చిన్న లాభం. ఆదా అంతా చోటులో, కుక్కే కాగితంలో, కిరాయిలో. గీతను కత్తితో గీయకూడదు, నొక్కాలి. నొక్కినప్పుడు అట్టలోని నారల పొరలు కొద్దిగా విడివడి తలుపు బందులా పనిచేస్తాయి. కోస్తే నారలు తెగి, మడత దగ్గరే పెట్టె చిరుగుతుంది.

కోత పెడితే సాగే కాగితం

చింతపండు అచ్చు బిళ్లకు పెట్టె చాలు. గాజు సీసా, డోక్రా బొమ్మ సంగతి వేరు. మైనంతో అచ్చు చేసి, దాన్ని కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసి చేసే డోక్రా బొమ్మలో ఏ రెండూ ఒకేలా ఉండవు. బస్తర్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఏనుగు తొండం, జింక కొమ్ము వంటి సన్నని భాగాలు ప్రయాణంలో ముందుగా దెబ్బతింటాయి. ఇలాంటి వంకరటింకర ఆకారాలకు ఒదగడంలో ఇన్నాళ్లూ బబుల్ షీటుదే పైచేయి. కాగితం సాగదు. గట్టి క్రాఫ్ట్ కాగితాన్ని లాగినా కొద్ది శాతం సాగి తెగిపోతుంది.

1990ల్లో పేటెంటు పొందిన ఒక పద్ధతి దీనికి జవాబిచ్చింది. కాగితం నిండా వరసలు వరసలుగా చిన్న కోతలు పెడతారు. ఇటుకల గోడలో ఇటుకల్లా, ఒక వరసలోని కోత పక్క వరసలోని రెండు కోతల మధ్యకు వస్తుంది. ఈ కాగితాన్ని లాగితే కోతలు తెరుచుకుని తేనెపట్టులా ఆరు పలకల గదులు విచ్చుకుంటాయి. చదునుగా ఉన్న కాగితం మందమైన వలగా మారుతుంది.

కాగితం గుణం మారలేదు, మరి ఎలా సాగింది? పలచని రేకును సాగదీయడానికి పట్టే శక్తి దాని మందంతో పాటు పెరుగుతుంది. వంచడానికి పట్టే శక్తి మందం ఘనంతో పెరుగుతుంది. అంటే మందం సగమైతే సాగదీయడం రెండింతలు తేలికవుతుంది, వంచడం ఎనిమిదింతలు తేలికవుతుంది. అందుకే పలచని కాగితానికి సాగడం కంటే వంగడం చాలా సులువు. కోతలు లేనప్పుడు లాగిన కాగితానికి సాగడం తప్ప దారి లేదు. కోతలు పెట్టాక వాటి మధ్యనున్న సన్నని పట్టీలు మెలితిరిగి, తలం నుంచి బయటికి లేచి, దారి వెతుక్కుంటాయి. నారలు దాదాపు సాగకుండానే కాగితం మొత్తంగా పొడవు పెరుగుతుంది.

అలా లేచిన అంచులు పక్క పొర గదుల్లో చిక్కుకుంటాయి. కాబట్టి రెండు చుట్లు చుట్టాక టేపు అంతగా అవసరం పడదు. దెబ్బ తగిలినప్పుడు ఈ గదులు ఒకదాని తర్వాత ఒకటి నలుగుతూ ఆగే దూరాన్ని పెంచుతాయి. ఆ దూరమే అసలు రక్షణ. 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడిన వస్తువు ఒక్క సెంటీమీటరులో ఆగితే దానిమీద పడే సగటు మందన త్వరణం గురుత్వ త్వరణానికి 75 రెట్లు. మెత్త 2.5 సెంటీమీటర్లు నలిగితే అది 30 రెట్లకు దిగుతుంది. అయితే ఒకసారి నలిగిన గది తిరిగి పూర్తిగా లేవదు. బబుల్ షీటులా పదేపదే దెబ్బలు తట్టుకునే గుణం దీనికి లేదు. బరువైన లోహపు బొమ్మకు మరికొన్ని చుట్లు వేయాలి, పెట్టె గోడకు తగలకుండా చూడాలి.

తేమ దగ్గర తేలేది

ఇంతవరకు చెప్పినదంతా పొడి కాగితం సంగతి. బస్తర్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు దంచికొడతాయి. కాగితం అంటే సెల్యులోజ్ నారల అల్లిక. ఆ నారలను పట్టి ఉంచేవి ఎక్కువగా హైడ్రోజన్ బంధాలు. నీటి అణువులు వచ్చి ఆ బంధాల మధ్య దూరితే నారలు ఒకదాని మీద ఒకటి జారతాయి. తడి కాగితం చేతిలో ఊడిపోవడానికి కారణం ఇదే. వాన తగలక్కర్లేదు, గాలిలోని తేమ చాలు.

పెట్టెల బలాన్ని ప్రయోగశాలలో 23 డిగ్రీల ఉష్ణోగ్రత, 50 శాతం తేమ దగ్గర కొలుస్తారు. తేమ 90 శాతానికి చేరితే అదే పెట్టె మోయగల బరువు దాదాపు సగానికి పడిపోతుంది. పైన బరువు వారాల తరబడి ఉంటే అట్ట నెమ్మదిగా కుంగుతూ పోతుంది. శ్రావణమాసంలో గిడ్డంగిలో అడుగు పెట్టె ఒరిగిందంటే అమ్మినవాడు మోసం చేశాడనే అనుకోనక్కర్లేదు. కాగితం పై అంకెను మాత్రమే నమ్మి లెక్క వేసి ఉండవచ్చు.

దీనికి పెద్ద ఖర్చు లేని జాగ్రత్తలున్నాయి. పెట్టెలను నేల మీద కాకుండా చెక్క పలకల మీద పేర్చాలి. ఒక పెట్టె మూల మీద ఇంకో పెట్టె మూల వచ్చేలా నిట్టనిలువుగా పేర్చాలి. బరువులో చాలా భాగాన్ని మోసేవి మూలలే కాబట్టి, ఇటుకల్లా అడ్డంగా పేరిస్తే బలం బాగా తగ్గుతుంది. వానాకాలపు సరుకుకు, అవసరమైతే 3 ప్లై బదులు 5 ప్లై వాడాలి.

లోపలి సరుకుదీ తేమ కథే. చింతపండు గాలిలోని తేమను పీల్చుకుని జిగటవుతుంది, పుల్లని రసం ఊరుతుంది. దాన్ని నేరుగా అట్టపెట్టెలో పెట్టలేం. లోపల తేమను ఆపే పొర ఒకటి ఉండాలి. కాగితానికే ప్లాస్టిక్ పొర అతికిస్తే మిల్లులో తిరిగి గుజ్జు చేయడం కష్టమవుతుంది. నూనె, నీరు అంటకుండా కొన్ని కాగితాలకు పూసే ఫ్లోరిన్ రసాయనాలు ప్రకృతిలో ఏళ్ల తరబడి విడిపోవు. నీటిలో కరిగించి పూసే కొత్త పూతలు వస్తున్నాయి గాని, నెలల తరబడి నిల్వ ఉండే జిగట పదార్థానికి అవి చాలతాయో లేదో సరుకును బట్టి పరీక్షించి చూడాల్సిందే. అంతవరకు లోపల పలచని, ఒకే రకం ప్లాస్టిక్ సంచి, బయట కాగితం అన్న ఏర్పాటు ఒప్పుకోదగిన రాజీ. దేశంలో 2022 జులై 1 నుంచి నిషేధించిన ఒకసారి వాడి పారేసే వస్తువుల జాబితాలో ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు, మిఠాయి పెట్టెల చుట్టే పలచని రేపర్ వంటివి ఉన్నాయి. ఆహార ప్యాకెట్ సంచులన్నీ అందులో లేవు. పాత వార్తాపత్రికలో చుట్టడం మాత్రం పరిష్కారం కాదు. అచ్చు సిరా ఆహారంలోకి దిగుతుంది కాబట్టి ఆహార భద్రతా ప్రాధికార సంస్థ దాన్ని నిషేధించింది.

అడ్డాకు చెప్పిన పాఠం

కొలతకు ఒదిగే ప్యాకింగ్ ఈ అడవికి కొత్త కాదు. బస్తర్‌లోనూ, మన ఏజెన్సీ ప్రాంతాల్లోనూ పెరిగే అడ్డ తీగ ఆకును చూడండి. మందారపు జాతి కాదు, మన దేవకాంచనానికి చుట్టం అది. రెండు రెక్కలు కలిసినట్టుండే వెడల్పాటి ఆకు. ఒక ఆకుతో దొప్ప, నాలుగైదు ఆకులను పుల్లలతో కుడితే విస్తరి, ఇంకా కుడితే విత్తనాలు దాచే మూట. ఆ మూటను కట్టే తాడు కూడా అదే తీగ నార. ముందు వస్తువు, తర్వాత దానికి తగినన్ని ఆకులు. మనం పెట్టెతో చేస్తున్నది దీనికి తలకిందులు.

ఆకు మీద సహజంగా ఉండే మైనపు పొర నీటిని జార్చేస్తుంది. కాగితానికి లేనిది ఆ పొరే. కానీ ఎండిన ఆకు పెళుసవుతుంది, నిల్వలో బూజు పడుతుంది, ఏ రెండు ఆకులూ ఒక మందంలో ఉండవు. నెలల నిల్వకు, దూరపు ప్రయాణానికి అది చాలదు. తెలుగు ఊళ్లలో దొరికే, అడ్డాకు కింద అట్ట అతికించి వేడితో నొక్కిన ప్లేట్లు ఈ రెంటినీ కలిపే ప్రయత్నమే. ఆకు తడిని ఆపుతుంది, అట్ట ఆకారాన్ని నిలబెడుతుంది.

ఏ చెట్టు కాగితం?

కాగితం అనగానే పచ్చదనం అనుకోవడం ఇప్పుడు అలవాటైంది. బస్తర్‌కు అంత తేలికగా నమ్మే వీలు లేదు. 1970ల్లో ఇక్కడి గుగ్గిలం అడవులను వేల హెక్టార్లలో నరికి, కాగితపు గుజ్జు కోసం ఉష్ణమండల పైన్ చెట్లు వేయాలన్న పథకం ప్రపంచ బ్యాంకు అండతో వచ్చింది. హిందీలో సాల్ అని పిలిచే గుగ్గిలం చెట్టు ఆదివాసీకి నీడ, జిగురు, గింజ, ఆకు, దైవం. పైన్ కింద ఇవేవీ మిగలవు. స్థానికుల నుంచి గట్టి వ్యతిరేకత వచ్చింది. 1980ల మొదట్లో పథకాన్ని వదులుకున్నారు. ఆ పథకం నెరవేరి ఉంటే, నేడు చింతపండుకు పెట్టె దొరికేదేమో గాని చింతచెట్టు ఉన్న అడవి ఎంత మిగిలేదో చెప్పలేం.

గోదావరి ఒడ్డున, కొంటాకు వంద కిలోమీటర్లలోపే, భద్రాచలం దగ్గర సారపాకలో పెద్ద కాగితపు అట్టల మిల్లు ఉంది. 1979లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఆ మిల్లు తొలి రోజుల్లో అడవి వెదురు మీద ఆధారపడింది. పరిశ్రమలు తమ ముడిసరుకును అడవి నుంచి కాక రైతుల నుంచి తెచ్చుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. మిల్లు పరిశోధకులు రూపొందించిన భద్రాచలం క్లోన్ల నీలగిరి, సుబాబుల్ తోటలు ఖమ్మం, ప్రకాశం వైపు పొలాల్లోకి అలా వచ్చాయి. అడవి మీద ఒత్తిడి తగ్గింది. అయితే అదే పొలంలో, అదే నీటితో ఏం పండించాలన్న ప్రశ్న దానితో పాటే వచ్చింది. ఏ కాగితమూ ఉచితంగా రాదు.

ముడతల అట్టకు వాడే క్రాఫ్ట్ కాగితం మన దేశంలో ఎక్కువగా పాత కాగితం నుంచే తయారవుతుంది. ఇది మంచి విషయం. కానీ తిరిగి గుజ్జు చేసిన ప్రతిసారీ నార పొట్టిదవుతుంది, బలం తగ్గుతుంది. సాధారణంగా ఐదు నుంచి ఏడు సార్లు తిరిగేసరికి పనికిరాకుండా పోతుంది. ఎక్కడో ఒకచోట కొత్త నార కలపాల్సిందే. ప్లాస్టిక్ పొర లేని, నూనె అంటని, గంజి జిగురు కాగితపు టేపుతో మూసిన పెట్టె ఈ చక్రంలో ఎక్కువసార్లు తిరుగుతుంది.

కాగితం బరువైనది, తయారీకి నీరు, శక్తి ఎక్కువ పడతాయి. 2011లో బ్రిటన్ పర్యావరణ సంస్థ చేతిసంచులను పోల్చినప్పుడు, ఒకసారి వాడి పారేసే పలచని ప్లాస్టిక్ సంచి కంటే వాతావరణానికి మేలు చేయాలంటే కాగితపు సంచిని కనీసం మూడుసార్లు వాడాలని తేలింది. ప్లాస్టిక్ అడవిలో, నదిలో, పశువు కడుపులో మిగిలిపోయే నష్టం ఆ లెక్కలో లేదు. అది కలిపితే తూకం మారుతుంది. అయినా పాఠం నిలిచే ఉంది. ప్లాస్టిక్ బదులు కాగితం అన్నది సగం జవాబు. తక్కువ కాగితం అన్నది మిగతా సగం.

కొలిచాకే పెట్టె

సుక్మా సంఘం కావచ్చు, అరకు కాఫీ పంపేవారు కావచ్చు, ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమెరికా పంపే అమ్మ కావచ్చు, లెక్క ఒకటే. ఒక నెల పాటు పంపిన ఆర్డర్ల పొడవు, వెడల్పు, ఎత్తులు ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఎక్కువసార్లు వచ్చే అడుగు కొలత ఏదో తేలుతుంది. ఆ అడుగుతో, రెండు మూడు ఎత్తుల గీతలున్న ఒకటే రకం పెట్టె చేయించుకోవాలి. పెళుసు వస్తువుకు తేనెపట్టు కాగితం, జిగట వస్తువుకు లోపలి సంచి. వానాకాలానికి బలాన్ని సగానికి తగ్గించి లెక్క వేసుకోవాలి. ముంబై కేంద్రంగా 1966లో ఏర్పడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌కు హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది. పెట్టె నొక్కుడు బలం వంటి పరీక్షలు ఆ సంస్థ చేసే పనిలో భాగమే. సుక్మాకు అందుబాటులో ఉన్న పెద్ద నగరాల్లో హైదరాబాద్ ఒకటి.

ఈసారి మీ ఇంటికి పార్సిల్ వచ్చినప్పుడు తెరిచే ముందు ఒకసారి ఊపి చూడండి. లోపల వస్తువు దొర్లిన చప్పుడు వినిపిస్తే, దాని కొలత ఎవరూ తీసుకోలేదని అర్థం. ఆ ఖాళీకి కిరాయి మీరు కట్టారో, పంపినవారు కట్టారో ఆ పెట్టె మీద రాసి ఉండదు. సుక్మాలో చింతపండు గింజ తీసిన చేతులు మాత్రం దాన్ని కట్టకూడదు.